రాతిల నేసిన ముసుగు

నిప్పుల మీద ఇంకో నాలుగు కందికట్టెలెయ్యుండ్రి, దగ్గరికి జరిగి కూసోండ్రి. ఇటలీ ముచ్చట జెప్పు అవ్వా, జెప్పు అవ్వా అని పొద్దటిసంది నా ఎంటవడ్డరు. జెప్త. గానీ ఓడ కాడికెల్లి మొదలువెడ్తె సగం ముచ్చటే అయితది. మన కోస్గి కాడికెల్లి మొదలువెట్టాలె.

మా మామ, అంటే మీ తాత వాళ్ల నాయిన, మగ్గం గుంటల కాళ్లు వెట్టుకొని నాడె ఆడించుకుంటనే పాత ముచ్చట్లు జెప్పేటోడు. ఒకప్పుడు ఈ ఊరు సాలార్జంగు జాగీరు. నిజాం కొలువుల దివాన్లయిన సాలార్జంగులకు ఆడో తాలూకా ఈడో తాలూకా ఉండేవి. అజంతా ఒకటి, కొప్పళ ఒకటి, యల్బుర్గా ఒకటి, ఇటు దుండిగల్, రాయగిరి, అండ్ల మన కోస్గి ఒకటి. ఈడి శిస్తు వాళ్ల ఖజానకు పోయేది. అప్పట్ల మనం గుల్బర్గా జిల్లా కింద ఉంటిమి. 1949ల జాగీర్లు రద్దు చేసిండ్రు. 1956ల మన దిక్కంత మహబూబ్‌నగర్ జిల్లాల కలిసింది. 2019ల నారాయణపేట జిల్లా అయింది. మనం కూసున్న జాగ మారలే, బోర్డులే మారుకుంట వచ్చినయి.

ఊర్ల అప్పట్ల పట్టు చీరెలు, నూలు చీరెలు నేసేటోళ్లు మస్తుగ ఉండిరి. నేను పుట్టింది గూడ నేతింట్లనే. బడికి వోయే వయసుల కండెలు చుట్టిన, ఆసు పోసిన. పడుగుల పోగు తెగితే సీకట్ల గూడ ఏలితోని తడిమి అతికేదాన్ని. ఈ మాట ఎందుకు జెప్తున్ననంటే, ఇటలీల నేను జూసింది నేతపిల్ల కండ్లతోనే జూసిన. వేరేటోళ్లు జూస్తే వేరే తీరుగ కనవడుతుండెనేమో.

మొదటి సాలార్జంగు పేరు మీర్ తురాబ్ అలీ ఖాన్. 1853ల దివాను అయ్యేనాటికి పాతికేండ్లు గూడ నిండలే. 1883ల కలరా వచ్చి సచ్చిపోయేదాన్క ఆయనే దివాను. 1876ల బొంబాయిల ఓడెక్కి విలాయతు పోయిండు. ఇంగ్లీషోళ్ల చేతులకు వోయిన బేరారు ఇలాకను నిజాముకు తిరిగి ఇప్పియ్యాలని ఆయనకు పెద్ద కోరిక. ఆ పయనంలనే ఇటలీల దిగిండు. రోముల అక్కడి రాజును కలిసిండు, పోపుగారి దర్శనం చేసుకున్నడు. తర్వాత పారిస్‌ల మెట్ల మీద జారివడి కాలిరిగింది. ఆ ఇరిగిన కాలుతోనే లండన్ దాన్క పోయొచ్చిండు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమోళ్లు ఆయనకు గౌరవ పట్టా గూడ ఇచ్చిండ్రు.

ఆ యేడే రోముల ఒక బొమ్మ కొన్నడు. పాలరాతి బొమ్మ. హైద్రాబాదు సాలార్జంగు మ్యూజియంల మీరు జూసిందే, ముసుగు కప్పుకున్న రెబెక్కా. బైబిల్‌ల కత అది. రెబెక్కా అనే పిల్ల పెండ్లాడవోయే ఇస్సాకును మొదటిసారి దూరంకెల్లి జూసి, ఒంటె దిగి, సిగ్గుతోని మొకం మీద ముసుగు కప్పుకుంటది. చెక్కినాయన పేరు జొవాన్ని మరియా బెంజోని. ఉత్తర ఇటలీల బెర్గామో దిక్కు ఊరాయనది. రోముల పెద్ద కార్ఖానా పెట్టి బతికిండు. సాలార్జంగు ఇటలీల అడుగువెట్టకముందే, 1873ల కాలం చేసిండు. ఆయన కార్ఖానలకెల్లి ఇసొంటి రెబెక్కలు ఇంకొన్ని వోయినయి. అమెరికాల అట్లాంటా మ్యూజియంల గూడ ఒకటున్నది.

మా పెండ్లయిన కొత్తల మీ తాత నన్ను హైద్రాబాదు తీస్కపోయి ఆ బొమ్మ సూపిచ్చిండు. అప్పటికి మ్యూజియం దివాను దేవిడిలకెల్లి మూసీ ఒడ్డున కట్టిన కొత్త బిల్డింగుకు వచ్చింది, 1968ల. మీ తాత సోషల్ సారు గదా, జెప్పకుంట ఉండలేడు. “ఇగో సూడు, ఇది కొన్న దివానుకు మన కోస్గి శిస్తు గూడ ముట్టింది. ఇండ్ల మన ఊరి పైస గూడ ఉన్నది” అన్నడు. నాకు ఆ మాట కడుపుల నాటుకున్నది. మా తాతలు నేసిన చీరె, దున్నిన చెలక, ఎంతో కొంత ఆ రాతిల ఉన్నదని. తర్వాత ఎన్నిమాట్లు హైద్రాబాదు వోయినా రెబెక్కా ముంగట నిలవడకుంట రాకపోయేదాన్ని.

ఇగ ఓడ ముచ్చట.

మీ నాయిన అమెరికాల నౌకరిల ఉన్నడు అప్పుడు. మమ్ముల పిలిపిచ్చుకొని, స్పెయిన్‌ల బార్సిలోనా కాడ పెద్ద ఓడ ఎక్కిచ్చిండు. వారం దినాల తిరుగుడు. ఓడ గురించి ఎక్కువ జెప్ప. అండ్ల తినుడు ఎక్కువ, నడుసుడు తక్కువ. పొద్దుగాల లేస్తే కిటికిల నీళ్లు, మాపటికి నీళ్లు. నాకు రెండో దినానికే మట్టి తొక్కాలనిపిచ్చింది.

ఒక దినం చిన్న రేవు కాడ ఆగాలె. ఆడ పెద్ద ఓడ ఒడ్డుకు రాదు, సముద్రంల నిలవెట్టి చిన్న పడవలల్ల మనుషులను దించుతరు. తెల్లారంగ గాలి లేసింది. నీళ్లు కొండలోలె... వద్దు, అట్ల జెప్ప, ఓడ ఊగుతుంటే మంచం పట్టుకొని కూసున్న అంతే. మైకుల కప్తాను ఇంగ్లీషుల జెప్పిండు. పడవలు దించే తీరు లేదు, ఈ రేవు తప్పిచ్చి నేపుల్స్‌ల ఆపుతున్నం, పొద్దుమూకే దాన్క అక్కన్నే ఉంటం అన్నడు. ఇటలీల ఉండే ఆ నేపుల్స్ మా పయనంల లేనే లేదు. మీ నాయిన ఆ ఊరి గురించి ఏం సదువుకోలే, ఏం బుక్ చేయలే.

ఆ దినమే నీకు జ్వరం తల్లీ. నీకు అప్పటికి ఏడాది నిండలే. మీ అమ్మా నాయిన నిన్ను ఇడిసి ఎట్ల దిగుతరు? “మీరిద్దరన్న పోయిరాండ్రి, గడ్డ మీద కాసేపు నడిసి రాండ్రి” అన్నడు మీ నాయిన. కాగితం మీద ఓడ పేరు, రేవు పేరు, తిరిగొచ్చే టైము రాసి నా కొంగుకు ముడేసిండు. మీ తాత జేబుల ఇంకో కాగితం వెట్టిండు. అట్ల దిగినం ఇద్దరం. కోస్గి సంతకు వోయినా నలుగురం కలిసి వోయేటోళ్లం, ఆడ ఎవరు లేరు.

రేవు దాటంగనే ఎదురుంగ నల్లటి గుండ్రటి బురుజుల కోట. వెనుకకు మర్రిజూస్తే సముద్రానికి అవుతల అగ్గికొండ. వెసూవియస్ అంటరు. దాదాపు రెండువేల యేండ్ల కింద, క్రీస్తు శకం 79ల, అది పగిలి పాంపేయి అనే ఊరిని బూడిద కింద పూడ్చింది. ఆఖరుగ 1944ల నిప్పులు కక్కింది. దాని కిందనే ఇన్ని లక్షల మంది ఇండ్లు కట్టుకొని బతుకుతున్నరు. మీ తాత అది జూసుకుంటనే తొవ్వ నడుస్తుండు, నేను తొవ్వ జూసుకుంట నడిసిన. తొవ్వంత నల్లరాయి పరిసిండ్రు. మన తాండూరు బండ లెక్క పొరలు పొరలుగ లేసేది గాదు. అగ్గికొండ కక్కిన రాయే అది. దాన్నే చెక్కి మల్ల కాళ్ల కింద పరుసుకున్నరు.

లోపటి సందులు ఇరుకు. ఇటింటికెల్లి అటింటికి దండెం కట్టి బట్టలారేసిండ్రు. దుప్పట్లు, అంగీలు, పిల్లల లాగులు. నేను తలెత్తి బట్ట జూసుకుంటనే నడిసిన. నూలేది, మిల్లుదేది, ఎన్నిసార్లు ఉతికిందేది అని. ఊరును రెండుగ చీల్చినట్టు ఒక్క తీరుగ తిన్నగ పోయే సందు ఉన్నది. దానికి పక్కసందుల మట్టిబొమ్మలు చేసేటోళ్ల దుకాణాలు. యేసు పుట్టిన పాకను క్రిస్మస్‌కు ఇండ్లల్ల పేరుస్తరట. దానికి కావలసిన గొర్లకాపర్లు, రొట్టెలు కాల్చేటోళ్లు, చేపలమ్మేటోళ్లు, అన్ని బొమ్మలు ఆ సందుల చేస్తరు. ఒక ముసలాయన ఏలంత బొమ్మకు పైట అంటిస్తుండె. పైట నిజం బట్ట. ఆయన దాన్ని కత్తిరిచ్చిన తీరు జూసి నిలవడ్డ. నన్ను జూసి నవ్విండు గని చెయ్యి ఆపలే.

ఆ దుకాణం పక్కన కార్డులమ్మే బండి ఉండె. ఒక కార్డు మీద నా కన్ను వడ్డది. రాతి మనిషి పండుకొని ఉన్నడు, మీద పలుచటి ముసుగు, ముసుగు కింద మొకం. నేను మీ తాత భుజం తట్టిన. “ఏమయ్యా, మన రెబెక్కా ముసుగు ఈడుందేంది?” అన్న. ఆయన కార్డు తీసి అద్దాలు వెట్టుకొని సదివిండు. ఈ ఊర్లనే ఉన్నదట. ఏడ అని అడుగుతే బండాయనకు ఇంగ్లీషు రాదు, మీ తాతకు ఇటాలియన్ రాదు. చేతులతోని ఇద్దరు మస్తుసేపు మాట్లాడుకున్నరు.

అప్పుడు ఒకాయన ఆగిండు. మన తీరు రంగు, మన తీరు మొకం. శ్రీలంకాయన. నేపుల్స్‌ల శ్రీలంకోళ్లు వేలమంది ఉన్నరు, ఇండ్లల్ల పనికి, ముసలోళ్లను జూసుకునే పనికి వచ్చి పాతుకపోయిండ్రు. ఆయన ఇంగ్లీషుల దారి జెప్పి, జెప్పినంక మల్ల మా ఎంట నడిసిండు. మధ్యల కాఫీ తాపిచ్చిండు. గుక్కెడంటే గుక్కెడే, నల్లగ, చేదుగ, పక్కన నీళ్ల గిలాస. ఆ కాఫీ దుకాణంల ఒక మర్యాద ఉన్నదని జెప్పిండు. ఒకరు కాఫీ తాగి రెండింటికి పైసలిచ్చి పోతరు. రెండోది ఎవరిదో తెల్వదు. పైసల్లేని మనిషి తర్వాత వచ్చి, ఇచ్చిపోయిన కాఫీ ఉన్నదా అని అడుగుతే, ఉంటే పోస్తరు. ఇచ్చినోడు తాగినోని మొకం జూడడు. తాగినోడు ఇచ్చినోని పేరు అడుగడు. ఇది నాకు గుళ్లె దర్శనం కన్న ఎక్కువనిపిచ్చింది. మీ తాత ఇంకో కాఫీకి పైసలిచ్చి వచ్చిండు.

ఆ బొమ్మున్న జాగ పేరు సాన్‌సెవెరో. బయటికెల్లి జూస్తే మామూలు ఇల్లు లెక్కనే ఉంటది. దొరల కుటుంబపు ప్రార్థన మందిరం అది. ఇప్పుడు ముందుగాలనే టికెట్ కొనుక్కోవాలంటరు గని, అప్పుడు వరుసల నిలవడ్తే దొరికింది. మస్తుసేపు నిలవడ్డం. శ్రీలంకాయన పనికి పోవాలె, మాకు దండం వెట్టి వోయిండు.

లోపటికి వోంగనే నడిమిట్ల పండుకొని ఉన్నడు క్రీస్తు. సిలువ మీదికెల్లి దించి, రెండు దిండ్ల మీద తల వెట్టి, నిలువెల్ల ముసుగు కప్పిండ్రు. దిండ్లు, శరీరం, ముసుగు అంత ఒక్క పాలరాతి బండల చెక్కిందే. గంజి వెట్టని పలుచటి నూలు చీరె తడిసి ఒంటికి అతుక్కుంటే ఎట్లుంటదో అట్లున్నది. నొసటి మీద ఉబ్బిన నరం ముసుగులకెల్లి కనవడుతది. చేతులకు మేకులు కొట్టిన గాయాలు కనవడుతయి. కాళ్ల కాడ ముండ్ల కిరీటం, పట్కారు వెట్టి ఉన్నయి. ఫొటోలు తియ్యనియ్యరు, అందుకే కండ్లతోనే జూసిన, మంచిగైంది.

జనమంత మొకం జూస్తున్నరు. నేను అంచు జూసిన. ముసుగుకు అంచున్నది బిడ్డా! ఎవడైన బట్టను చెక్కుతే మడతలు చెక్కుతడు. ఈయన అంచును, దాని మీది కుట్టుపనితో సహా చెక్కిండు. అంచు కాడ బట్ట బరువెక్కుతది, మధ్యల ఉన్నంత తేలిగ్గ ఉండదు, వాలే తీరు మారుతది. అది మగ్గం మీద కూసున్నోళ్లకు ఎరుక. ఆ రాతిల గూడ అంచు కాడ ముసుగు కొద్దిగ ఆగి, వాలింది. ఈ చెక్కినాయన బట్టను చేతుల పట్టుకొని దినాలకు దినాలు జూసి ఉంటడనిపిచ్చింది. అంతసేపు ఆ అంచు కాడనే నిలవడ్డ. కావలాయన జరుగు జరుగు అన్నడు.

గోడ పక్కన ఇంకో బొమ్మ. తలకెల్లి కాళ్ల దాన్క ముసుగు కప్పుకున్న ఆడమనిషి. ఆ మందిరం కట్టిచ్చిన దొర రైమొందో ది సాంగ్రో, ఏడాది నిండని పసివయసుల తల్లిని పోగొట్టుకున్నడు. తల్లి గురుతుకు పెట్టిచ్చిన బొమ్మ అది, 1752ల అంతోనియో కొర్రాదినీ చెక్కిండు. ఆమె మొకమే నాకు మన రెబెక్కను యాదికి తెచ్చింది. బెంజోని కన్న నూరేండ్ల ముందే ఆ దేశంల ఈ విద్య ఇంత దూరం వచ్చి ఉన్నది. మన దివాను కొన్న ముసుగు ఒక్కరోజుల పుట్టింది గాదని ఆడ నిలవడితే తెలిసింది.

దాని ఎదుటి దిక్కు ఇంకోటి. ఒక మనిషి వలల చిక్కుకొని బయటికి వస్తుండు. వల రాయే. ఒక్కో ముడి ఇడిగ ఉన్నది, ముడికీ ముడికీ నడుమ ఖాళీ, ఖాళీలకెల్లి అవుతల దేహం. ఫ్రాంచెస్కో క్వెయిరోలో అనేటాయన చెక్కిండు. ఆఖర్ల రుద్ది నునుపు చేసే పనోళ్లు, చెయ్యి తగుల్తే వల పుటుక్కున ఇరుగుతదని భయపడి ముట్టలేదట. ఆయనే కూసొని రుద్దుకున్నడట. నేను మీ తాత చెయ్యి పట్టుకొని ముడి ముడి సూపిచ్చిన. “ఇది పోగు అతికే ముడి తీరుగ్గాదు, చేపల వల ముడే, సక్కగ ఏసిండు” అన్న. ఆయన నా మాట పుస్తకంల రాసుకున్నడు.

ఇగ అసలు మాట ఇనుండ్రి. నడిమిట్ల క్రీస్తును చెక్కినాయన పేరు జుసెప్పే సన్‌మార్తీనో. నేపుల్స్ పిల్లగాడే, ముప్పై దాటిన వయసు, అప్పటికి పెద్ద పేరు లేదు. ఆ పని కొర్రాదినీ చెయ్యాలె గని, మట్టితోని నమూనా చేసి 1752ల సచ్చిపోయిండు. దొర పిలిచి ఈయనకిచ్చిండు. 1753ల పూర్తి చేసిండు. గానీ ఊర్ల జనం ఏమనుకున్నరో ఎరుకేనా? ఆ దొరకు రసాయనాల విద్య తెలుసు, నిజం బట్ట కప్పి ఏదో మందు పోసి దాన్ని రాయి చేసిండు అని. రెండువందల యేండ్లకు పైన ఆ మాటే తిరిగింది. నేపుల్స్ బ్యాంకు పాత దస్తరాలల్ల కాగితం ఉన్నది. పాలరాతి ముసుగుతో సహా బొమ్మ చెక్కుతున్నందుకు సన్‌మార్తీనోకు 1752ల యాభై డ్యూకాట్లు ఇచ్చినట్టు దొరే రాయిచ్చిన కాగితం. అయినా మంత్రం మాటనే జనానికి తియ్యగున్నది.

మీ తాత ఇది ఆడ అమ్మే ఇంగ్లీషు పుస్తకంల సదివి, బయట మెట్ల మీద కూసోని నాకు జెప్పిండు. నాకు కోపమొచ్చింది, కండ్లల్ల నీళ్లు గూడ వచ్చినయి. ఇంత పని చేసిన చెయ్యి ఉంటే, ఆ పనిని దొర మంత్రం కింద రాసిండ్రు! మన దిక్కు జూస్తే ఏమున్నది? రెబెక్కా ఎవరిది అంటే సాలార్జంగుది అంటరు. మా నాయిన కండ్లు వోయేదాన్క నేసిన చీరెలు సావుకారి పేరు మీద అమ్ముడువోయినయి. నారాయణపేట చీరెకు 2012ల భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషమే. చీరెకు పేరొచ్చింది, నేసిన చేతికి ఇంకా రాలే.

తిరుగు తొవ్వల ఆకలయింది. మైదపిండి రొట్టె మీద టమాట, ఎల్లిపాయ, నూనె, ఇంత ఆకు ఏసి కట్టెల పొయ్యిల కాల్చిచ్చిండ్రు. ఆ దినం మన జొన్నరొట్టెకు బదులు దాన్ని తిన్నం, బాగనే ఉండె. నాలుగు దాటింది, ఇగ ఉరికినట్టే నడిసినం. రేవు కాడ కొంగు ముడి ఇప్పి కాగితం సూపిస్తే కావలాయన సక్కగ మన ఓడ దిక్కు చెయ్యి చూపిండు. ఎక్కేసరికి నీ జ్వరం దిగింది, మీ అమ్మ ఒళ్లె ఆడుకుంటున్నవు.

దాని తర్వాత ఓడ ఇంకెన్ని రేవులల్ల ఆగిందో, అన్ని ముందే రాసుకున్నయే. బస్సులల్ల తిప్పిండ్రు, గైడు జెండ పట్టుకొని ముంగట నడిసిండు, అందరం ఎనుక నడిసినం. వాటిల ఒక్కటి గూడ నాకు సక్కగ యాది లేదు. గాలి లేసి దించిన ఊరే యాదికున్నది.

ఇగ మల్ల మన రెబెక్కా కాడికి వద్దం. ఆ దివాను వంశంల మూడో సాలార్జంగు పెండ్లి చేసుకోలే, పిల్లల్లేరు. బతుకంత వస్తువులు కొనుడే పనిగ పెట్టుకున్నడు. 1949ల ఆయన పోయినంక రెబెక్కతో సహా అవన్ని సర్కారు చేతికి వచ్చినయి. 1951 డిసెంబర్ 16న నెహ్రూ వచ్చి మ్యూజియం తెరిసిండు. 1961ల పార్లమెంటు చట్టం చేసి దాన్ని దేశం ఆస్తి చేసింది. అంటే ఇప్పుడు రెబెక్కా ఏ దివానుదీ గాదు. మనదే.

సంక్రాంతి సెలవులల్ల మీ నాయిన మిమ్ముల హైద్రాబాదు తీస్కపోతనన్నడు. రెబెక్కా కాడ జనం ఫొటోలు దిగుతుంటరు. మీరు ముందుగాల బెంజోని పేరు జెప్పి, తర్వాత ముసుగు జూడుండ్రి. ముసుగు వాలే కాడ, మడత తిరిగే కాడ నిలవడి జూడుండ్రి. పోయేముందు మన వాడల ఇంకా మగ్గం నడిపే ముసలోళ్ల ఇండ్లకు వోయి, వాళ్ల పేర్లు, వాళ్లు నేసిన చీరెల పేర్లు అడిగి నోట్‌బుక్కుల రాసుకోండ్రి. తాత దిద్దిపెడ్తడు. ఇంకోమాట, శుక్రవారం మ్యూజియంకు సెలవు. ఆ దినం తప్పిచ్చి పోండ్రి.